నరహరికి ఇనబడ్డ సప్పుడు

ఏం బిడ్డా మనీషా, ఏంది గంత పొడుగు డబ్బా? పొద్దుగాల కొరియరాయన ఇచ్చిపోతే నేనే సంతకం పెట్టి లోపల పెట్టిన, మస్తు బరువున్నది. వంటసామానేమో అనుకున్న. గిటారా? కరెంటుదా, ఉత్తదా? కరెంటుదేనా. బయటి దేశం మాలు. ఆఁ. ఇప్పుడే ఇప్పకు గని జర కూసో. మా ఇంటామె చాయ్ పెడ్తున్నది, తాగి పోదువు. మెట్లు ఏడికి పోవు. లే లే, నాకు చూపియ్యనవసరం లేదు, నాకెర్కే గవి. ఎట్లెర్కంటవా, గా ఎదురుంగ నీలం గేటు ఇల్లున్నది జూడు, అండ్ల నరహరని ఉండేటోడు. ఆయన బిడ్డకు ఉండె గసొంటిదే, నల్లది. దాంతోటి ఆయన పడ్డ బుగులు నేను కండ్లార చూసిన. చెప్తగని, నువ్వు మల్ల పరేషాన్ గాకు.

నరహరి నువ్వు అద్దెకొచ్చేటాళ్ళకే లేడు. మోత్కూరు దిక్కు మనిషి, ఎవుసం చేసుకునేటోళ్ళు. నేను యూనివర్సిటీల బిల్డింగు సెక్షన్ల, ఆయన నీళ్ళ సెక్షన్ల. క్యాంపస్ల చెట్ల ఎన్క పంపుహౌజు ఉన్నది, నువ్వు చూసినవో లేదో, ఇప్పుడు తాళమేసిండ్రు దానికి. గాడ మోటర్ల కాడ నౌకరి. సల్లటి మనిషి, నోట్లకెల్లి మాట గట్టిగ రాదు. మోటరు మీద చెయ్యి పెట్టి, తలకాయ గిట్ల వంచి ఇనేటోడు. ఇని, 'నర్సన్నా, లోపల ఏదో అరుగుతున్నది, ఎక్కువ రోజులు నడవది' అనేటోడు. అయితే ఆయన ఇంట్ల కట్టె అనేది ఉండకపోవు. తలుపులు ఇనుపయి, కిటికీలు ఇనుపయి, మంచం ఇనుపది. అల్మార్లకు సిమెంటు పలకలు, కుర్చీలేమో ప్లాస్టికు. గడపకు షాబాదు బండ ఏయించిండు. నువ్వు నవ్వుతవు గని, చపాతి కర్ర గూడ స్టీలుదే. భాగ్యమ్మ, అంటే ఆయన భార్య, మా ఇంటికొచ్చి 'పిండి అంటుకపోతదన్నా దానికి, ఏం జెయ్యాలె, ఈ మనిషికి కట్టె పనికిరాదాయె' అని నవ్వేది. గల్లీల అందరు ఇనుపిల్లు అనేటోళ్ళు. ఆయన ముంగట గూడ అనేటోళ్ళు. 

ఎందుకట్లనో నాకు ఒకపారి చెప్పిండు, గా పంపుహౌజు కాడనే కూసోని. చిన్నగున్నప్పుడు వాళ్ళది గూనపెంకల ఇల్లు. మట్టిగోడలు, మీద దూలం, దాని మీద వాసాలు. ఈయన, ఈయనను కన్న అవ్వ పోచమ్మ, ఆ దూలం కిందనే పండుకునేటోళ్ళు. ఈయనకు మీదికెల్లి సప్పుడు ఇనబడేది. కిర్ర్ మని, జరసేపు ఆగి, మల్ల కిర్ర్ మని. 'అవ్వా, దూలంల ఎవరో నములుతుండ్రు' అన్నడంట. ఆమె 'కట్టెల పురుగుండదా కొడుకా, పండుకో' అన్నది. నాయినకు చెప్తే నాయిన తల ఎత్తి చూసి, మంచిగనే ఉన్నది గదరా అన్నడు. మంచిగనే ఉండె మరి, పొగకు నల్లబడి, నున్నగ. తెల్లారి లేస్తే చద్దరు మీద సన్నటి పొట్టు, పిండి లెక్క. పోచమ్మ దులుపుకొని పనికి పోయేది. ఆ ఏడు వానలకు ముసురు పట్టింది, పెంకలు నాని బరువెక్కినయి. ఈయన వాకిట్ల మేకపిల్లను కట్టేస్తుండె. గప్పుడే దూలం నడుమకిరిగింది. పోచమ్మ లోపలుండె. ఇగ చెప్పనవసరం లేదు. ఇరిగిన దూలం చూస్తే అండ్ల కట్టె లేదంట. 'వేలు మందం తోలున్నది నర్సన్నా, లోపలంత పిండే' అన్నడు. గంతే చెప్పిండు. లేచి పోయి మోటరు బందు చేసొచ్చిండు. నేను గూడ మల్ల ఎన్నడు అడగలే.

చాయ్ తాగు, సల్లారిపోతది. ఆఁ, ఆయనకు ఒక్కతే బిడ్డ. నిరోష. క్యాంపస్లనే ఎమ్మెస్సీ చదువుతుండె అప్పుడు. పాటల పిచ్చి. దోస్తులంత కలిసి బ్యాండ్ అని పెట్టుకున్నరు. కాచిగూడల ఎవడో దుకాణపోడు బయటి దేశం గిటార్లు కంటెయినర్ల తెప్పిచ్చి అమ్ముతుండె, ఆడ తెచ్చుకున్నది. నల్లగ, అద్దం లెక్క మెరుస్తుండె. మహాగని కట్టె అని డబ్బా మీద రాసున్నదంట. ఇంటికి తెచ్చినంక నరహరి దూరంల నిలబడి 'ఇది దేంతోటి చేస్తరు బిడ్డా' అని అడిగిండు. గా పొల్ల డబ్బా ఎప్పుడో అవుతల పారేసింది, 'ఫైబర్ నాయినా, ప్లాస్టికసొంటిదే' అన్నది. కట్టె అంటే ఇంట్లకు రానియ్యడు గద, అందుకని. అంత మందం రంగు కింద ఏమున్నదో ఎవరు చూడొచ్చిండ్రు. ఆయన నమ్మిండు. దగ్గరికొచ్చి చేత్తోటి నిమిరిండు గూడ. ఇగ అప్పట్నుంచి డ్యూటీ దిగి వచ్చి గోడకొరిగి కూసోని ఇనేటోడు. ఆ పాటలు ఆయనకేం అర్థమయితయి, సగం ఇంగ్లీషాయె. అయినా కాళ్ళు సాపుకొని కూసోని, కండ్లు మూసుకొని ఇనేటోడు. ఆయన అంత సుకంగ కూసున్నది నేను అప్పుడే చూసిన.

ఓ ఏడాది మంచిగ నడిచింది. అప్పుడు మన తార్నాకల మెట్రో పనులు. రోడ్డు నడుమ మిషన్లు పెట్టి తొవ్వుతుంటే ఇండ్లల్ల గిన్నెలు గలగలమనేటియి. ఒకనాడు పగటిపూట ఆయన ఒక్కడే ఉండె ఇంట్ల. మిషను ఆగింది. ఆగినంక ఆయనకు ఇనబడ్డది. కిర్ర్. జరసేపైనంక మల్ల కిర్ర్. ఆయన నాకు తర్వాత చెప్పిండు ఇదంత. అట్లనే ఇంటి కప్పు దిక్కు చూస్తు కూసున్నడు. పైన స్లాబు. స్లాబుల పురుగుంటదా? లేచి తలుపులు తట్టి చూసిండు, ఇనుము. కిటికీలు, ఇనుము. ఒక్కొక్క గోడకు చెవి పెట్టి ఇన్నడు. సిమెంటు పలక మీద సన్నటి పొట్టు పడున్నది, గిటారు పక్కపొంటి. మెట్రో దుమ్మనుకొని తుడిచిండు. తుడిచి, వేళ్ళు చూసుకున్నడు. ఇంట్ల కట్టె ముక్క లేదు, మరి ఏడికెల్లి వస్తున్నది సప్పుడు? ఇగ ఒక్కటే జాగ మిగిలింది ఆయన లెక్కల. తన తలకాయ.

మొదలు ఎవ్వరికి చెప్పలే. చెప్తే ఏమంటరో అని బుగులు. ఎనకట చెప్పినప్పుడు ఏమైందో మనసుల ఉండె గద. మల్ల చెప్పకపోతే ఏమైతదో అని ఇంకో బుగులు. అన్నం తింటు తింటు ఆగేటోడు, ముద్ద చేతిలనే ఉండేది. భాగ్యమ్మ ఏమైందంటే ఏం లేదనేటోడు. ఆఖరికి నన్ను పిలిచిండు, 'నర్సన్నా, జర వచ్చి ఇను' అని. పోయిన. కూసున్న. నాకేం ఇనబడలే. ఫ్యాను బందు చేసిండు. అవుతల బస్సుల సప్పుడు, ఎవరిదో కుక్కర్ సీటీ. ఏం లేదు నరహరి అన్న. ఆయన నా మొఖం దిక్కు చూసిండు చూడు, బాయిల పడ్డోడు మీదికి చూసినట్టు చూసిండు. 'సరే అన్నా' అన్నడు.

ఇగ భాగ్యమ్మే దవాఖానకు తీస్కపోయింది. ఆ డాక్టరు మంచాయన, ఓపిక మీద ఇన్నడు. ఇంట్ల ఇంకెవరికన్న ఇనబడ్తున్నదా అని అడిగిండు. భాగ్యమ్మ లేదన్నది. నిద్రకు గోలీలు రాసిచ్చిండు. గోలీ ఏసుకుంటే నిద్రొచ్చింది గని లేచినంక అంత మబ్బు మబ్బు. పంపుహౌజు కాడ నాతోటి అన్నడు, 'మోటరు మీద చెయ్యి పెడ్తే ఏది మోటరు సప్పుడో, ఏది నాదో తెలుస్తలేదు నర్సన్నా. హాస్టళ్ళకు నీళ్ళు పోయేటివి ఇవి. ఏమన్న అయితే ఎట్ల' అని. ఆయన చెవుల మీదనే బతికిన మనిషి గద.  లీవు పెట్టిండు. ఇంట్ల ఉంటే ఇంకా ఎక్కువైంది. పెండ్లాన్ని, బిడ్డను లోపల పండుకోనియ్యకపోవు. ముంగట రేకుల కింద చాపలేసి పండుకోమనేటోడు. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు చూస్తుంటే భాగ్యమ్మకు షరం. 'సొంతిల్లు పెట్టుకొని వాకిట్ల పండాల్నా' అని ఏడ్చేది. 'పిచ్చి లేసినట్టున్నదన్నా ఈనెకు, నా బిడ్డకు సంబంధమెట్లొస్తది' అని మా ఇంటామె దగ్గర కండ్లనీళ్ళు పెట్టుకునేది. పైనేమో మొగులు పడ్తున్నది, వానలొస్తున్నయి. మొగులు చూసినకొద్ది ఆయనకు చెమటలు. 'హాస్టల్ల ఉండు బిడ్డా, ఇల్లు మంచిగలేదు' అని నిరోషను బతిమిలాడేటోడు. ఆ పొల్ల తండ్రి చేతులు పట్టుకొని కూసునేది.

అప్పుడు క్యాంపస్ల నిరోష వాళ్ళ బ్యాండ్ ప్రోగ్రాం దగ్గరికొచ్చింది. ఓ ఆదివారం పగటాల్ల, మెట్రో మిషన్లు గూడ బందున్నయి, నిరోష గిటారు ముంగటేసుకొని కూసున్నది. గది కరెంటు గిటారు గద, అండ్ల బోలు ఉండదు, తీగలు కదిలితే ఆ సప్పుడు వైరు పట్టుకొని స్పీకరు డబ్బలకొస్తది. డబ్బల ఏదో జుమ్మంటున్నదని, ఏందో చూద్దామని, తీగలు మోగకుండ వాటి మీద చున్నీ కప్పి, సప్పుడు పెంచే గుండీ మొత్తం తిప్పింది. జుమ్మని వచ్చింది. ఆ జుమ్మనే దాని లోపల, కిర్ర్. ఆ పొల్ల వైరు లూజైందనుకున్నది, తీసి మల్ల పెట్టింది. కిర్ర్. చెయ్యి ఏడా తాకుతలేదు. తల ఎత్తి చూస్తే తలుపుల నరహరి నిలబడున్నడు.  'బిడ్డా, నీకు ఇనబడ్తున్నదా' అన్నడు. మెల్లగ, ఎవరో నిద్రపోతున్నట్టు. ఆ పొల్ల 'ఇనబడ్తున్నది నాయినా' అన్నది.

భాగ్యమ్మ పిండి చేతులతోటి వచ్చి నిలబడ్డది. ఆమెకు ఇనబడ్డది. నన్ను పిలిచింది గోడ మీదికెల్లి, 'అన్నా జర రా' అని, ఆ గొంతు ఇని చెప్పులేసుకోకుండ పోయిన. నేను గూడ ఇన్న బిడ్డా. ఎట్లున్నదంటవు, ఎవరో మన చెవి పక్కన కూసోని ఎండుకొబ్బరి నములుతున్నట్టు. నమిలి, జర ఆగి, అవుతలికి జరిగి మల్ల నములుతున్నట్టు. గంత పెద్దగ.  నరహరి గోడ పట్టుకొని కిందికి కూసున్నడు. 'నాకు పిచ్చి లేదు భాగ్యా' అన్నడు. ఏడ్చిండు. ఇంత సంతోషంగ ఏడ్సుడు, ఇంత బుగులుతోటి ఏడ్సుడు ఒక్కపారే నేను యాడ చూడలే. జరసేపైనంక ఆగి, 'అది దేంతోటి చేసిండ్రు బిడ్డా' అని అడిగిండు. ఆ పొల్ల తల ఎత్తలే. 'కట్టె నాయినా' అన్నది. ఆయన కూసున్న కాడికెల్లి ఎన్కకు జరిగిండు, ఎన్క గోడున్నది, అయినా జరుగుతుండు. డబ్బల అది నములుతనే ఉన్నది. ఆఖరికి భాగ్యమ్మ, 'ఎవరన్న బందు చెయ్యుండ్రి దాన్ని' అన్నది.

మర్నాడు అడిక్‌మెట్ల శశిభూషణ్ అని గిటార్లు రిపేరు చేసేటాయన ఉంటే ఆడికి తీస్కపోయినం. ఏలూరు దిక్కాయన, ఈడనే సెటిలైండు. ఆటోల గిటారు ఎన్క సీట్ల నిరోష ఒళ్ళె పెట్టుకున్నది, నరహరి డ్రైవరు పక్కన కూసున్నడు, నిమిషానికోసారి ఎన్కకు మల్లి చూస్తుండు. శశిభూషణ్ ఎన్క దిక్కు రంగు గీకిండు. గీకుతుంటే పెచ్చులు పెచ్చులు ఊడుతున్నది, అంత మందం. దాని కింద తెల్లటి లప్పం, గోడలకు పూస్తరు జూడు, గది. లప్పం కింద ఏడు పట్టీలు, ఒక్కొక్కటి ఒక్కో రంగు కట్టె, బంకతోటి అతికిచ్చిండ్రు. ఆయన వాళ్ళ మాటల చెప్పిండు, 'ఇది మహాగనీ కాదండీ. ఏ పెట్టెలు కొట్టగా మిగిలిన ముక్కలో అతికించారు. మంచి దానికి రెండు ముక్కలో మూడు ముక్కలో ఉంటాయి, ఒకే చెట్టువి, బాగా ఆరబెట్టినవి. రంగు పల్చగా వేస్తారు, చెక్క కనపడితే సిగ్గేం ఉండదు కదా. ఇదిగో, ఈ పట్టీ చెట్టు బెరడు పక్కన ఉండే మెత్తటి చెక్క. పచ్చిగా ఉన్నప్పుడే పురుగు గుడ్లు పెట్టేసింది. వీళ్ళు ఆ బొక్కలకి లప్పం కొట్టి రంగేసేశారు' అన్నడు. మరి డబ్బల ఎట్ల ఇనబడ్డదని నేను అడిగిన. తీగల కింద అయస్కాంతం బిళ్ళలుంటయి, రాగితీగ చుట్టి. మంచి వాటిల ఆ చుట్టను మైనంల ముంచుతరంట, కదలకుండ. దీంట్ల ముంచలే. 'అందుకేనండీ, చెక్క మీద ఈగ వాలినా స్పీకర్లో వినపడుతుంది' అన్నడు.

తర్వాత మెడ కాడి మరలు ఇప్పిండు. ఇప్పే పనేంది, స్క్రూడ్రైవరు పెట్టంగనే ఊడొచ్చినయి. మరల ఎంట పిండి రాలింది. ఆయన ఆ పిండి అరచేతుల పోసుకొని నిరోష దిక్కు చూసిండు. 'అమ్మా, తీగలన్నీ కలిసి ఓ మనిషి వేలాడినంత బలంగా లాగుతాయి. ఈ మరలు పట్టుకున్నది ఈ పిండిని. స్టేజి మీద తీగ బిగించేటప్పుడు మెడ ఊడి నీ మొహానికే తగిలేది' అన్నడు. ఆ పొల్ల కుర్చీల కూసున్నది. నరహరి ఒక్క మాటనే అన్నడు, 'మిగిలినోళ్ళకు చెప్పు బిడ్డా, ఆడ తెచ్చుకున్నోళ్ళకు అందరికి.' చెప్పింది. దోస్తులయి ఇంక రెండు అసొంటియే ఎల్లినయి. దుకాణపోడు మాత్రం 'నేను చేసిన్నా? డబ్బల వచ్చింది, డబ్బల ఇచ్చిన' అని చేతులు దులుపుకున్నడు.

దాన్ని కాల్చుడే మంచిదన్నడు శశిభూషణ్, లేకుంటే ఇంకో కట్టెకు పాకుతదని. నరహరి నేనే కాలుస్త అన్నడు. పంపుహౌజు ఎన్క ఖాళీ జాగల, పొద్దు ఉండంగనే. ఎత్తుకొని నడిచిండు గా మనిషి, ఎట్ల పట్టుకున్నడంటవు, పాము సచ్చిందో బతికున్నదో తెల్వక పట్టుకున్నట్టు, ఒంటికి దూరంగ, చేతులు సాపి.  నేను పట్టుకుంటనంటే ఇయ్యలే. కిరసనాయిలు పోసి అంటుపెట్టినంక రంగు ఉబ్బి నల్లటి పొగొచ్చింది, కండ్లు మండినయి. పట్టీలు ఎక్కడియక్కడ ఇడిపోయినయి. అండ్లకెల్లి ఓ పురుగు జారి బూడిదల పడ్డది. తెల్లటిది, చిటికెన వేలు గోరంత. గంతే. నరహరి గొంతుకూసోని దాన్నే చూసిండు శానాసేపు. 'గింతేనా' అన్నడు. తర్వాత నాతోటి కాదు, తనలో తాను మాట్లాడుకున్నట్టు, 'మా అవ్వకు చెప్పిన, ఇనలే. గీ పొల్ల మిషను పెట్టి ఇన్నది' అన్నడు. నిరోష మీద కోపముందా నరహరి, ఫైబర్ అన్నదని, అని అడిగిన. తల అడ్డంగ ఊపిండు.

తర్వాత శశిభూషణ్ కొత్తది చేస్తనన్నడు. అంబర్‌పేట్ల కట్టెల అడితికి నరహరి గూడ పోయిండు, మేం వద్దంటే గూడ. చుట్టు ఎటు చూసినా కట్టెనే, ఆయన గేటు పట్టుకొని జరసేపు ఆగిండు. లోపలికొచ్చి పలకలకు చెవి పెట్టిండు. పనోళ్ళు నవ్విండ్రు. ఆయన పట్టిచ్చుకోలే. ఒక టేకు పలక తీసిచ్చి 'ఇది ఊకున్నది' అన్నడు. దాంతోటే అయింది గిటారు. రంగు ఎయ్యలే, నూనె పట్టిచ్చిండు ఉత్తగ, కట్టె కట్టె లెక్కనే కనబడ్తది. మరుసటి ఏడు ప్రోగ్రాంల నిరోష దాన్నే వాయించింది. ఆయన ముంగటి వరసల కూసున్నడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని.

బుగులు పోయిందంటే అబద్ధం బిడ్డా. పోలే. ప్రతి ఆదివారం నిరోష తీగల మీద చున్నీ కప్పేది, గుండీ మొత్తం తిప్పేది. ఫ్యాను బందు, టీవీ బందు. ముగ్గురు మాట్లాడకుండ కూసోని ఇనేటోళ్ళు. ఒకపారి నేను గూడ ఉన్న. ఆ ఊకున్న డబ్బా ముంగట ముగ్గురు మనుషులు ఊపిరి బిగబట్టి కూసునుడు, అమ్మో, ఇప్పటికి నా కండ్లల్లనే ఉన్నది. భాగ్యమ్మ కండ్లు మూసుకొని పెదవులు కదుపుతుండేది. ఎంతసేపటికో నరహరి 'ఏం లేదు' అనేటోడు. గప్పుడు లేచి అన్నం తినేటోళ్ళు.

ఇంకో రెండేండ్లకు పోయిండు. గుండె. మల్ల డ్యూటీకి పోతుండె అప్పటికి, ఆ పంపుహౌజులనే, పట్టపగలు, కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే. మోటరు నడుస్తనే ఉండెనంట. నిరోషకు పెండ్లయింది, హన్మకొండల ఉంటది, ఆ గిటారు తీస్కపోయింది. భాగ్యమ్మ ఒక్కతే ఈడ. నువ్వు అడిగినవు గద మొన్న, ఎదురింట్ల గంత సప్పుడు పెట్టి టీవీ ఎవరు చూస్తరని. ఎవ్వరు చూడరు బిడ్డా. ఆమె వంటింట్లుంటది, టీవీ ముంగట మోగుతుంటది. పండుకున్నా మోగుతుంటది. జర తగ్గియ్యరాదమ్మా అన్న నేను ఒకనాడు. అప్పుడు చెప్పింది. 'ఇల్లు ఊకుంటే ఏమన్న ఇనబడ్తదేమో అని బుగులన్నా. ఇనబడితే ఇప్పుడు ఎవరికి చెప్పాలె, ఈనె లేడాయె' అన్నది. 

అగో, గేటు తీసుకొని ఈ దిక్కే వస్తున్నది. ఏం భాగ్యమ్మా, మీకు నల్లా వచ్చిందా, మాకింక సుక్క రాలే.